తోట అమ్మే ముందు తమ్ముణ్ని అడగండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. తమ్ముడికి 38 ఏళ్లు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడు. 26వ ఏట రోజుల తరబడి నిద్రపోకుండా, దొరికినచోటల్లా అప్పులు చేసి, ఊరందరికీ స్థలాలు పంచుతానని తిరుగుతుంటే విశాఖలో ఆసుపత్రిలో చేర్పించాం. ఉత్సాహం పొంగడం, కుంగిపోవడం మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు అన్నారు. లిథియం మాత్రలతో ఎనిమిదేళ్లు మామూలుగా ఉన్నాడు. పెళ్లి చేశాం, ఒక పాప. నాలుగేళ్ల కిందట కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చిందని, ఉద్దానం మనిషికి ఈ మాత్ర మంచిది కాదని ఒక డాక్టరు ఆపించేశారు. అప్పటి నుంచి కుంగిపోవడమే. ఎన్ని మందులు మార్చినా పని చేయలేదు. మంచం దిగడు, రాత్రి అన్నం ముట్టడు, స్నానం చేయమంటే ఏడుస్తాడు. నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది అంటాడు. షాక్ ట్రీట్‌మెంటు ఇద్దామని విశాఖలో అంటే భయపడి వద్దన్నాం. ఈమధ్య మెదడులో చిప్ పెడితే డిప్రెషన్ పోతుందని పేపర్లో చదివాను. తెలిసినవారి ద్వారా కనుక్కుంటే 12 లక్షల పైమాటే అన్నారు. తిత్లీ తుపానుకు పోయిన తోట తిరిగి నాటితే ఇప్పుడే కాపుకు వచ్చింది. అది అమ్మయినా చేయిద్దామని నేను, వద్దని మావారు. అరసవల్లికి మొక్కుకున్నాం. ఎక్కడికి తీసుకువెళ్లాలో చెప్పండి. మందుల చీటీల నకళ్లు జత చేశాను.
– ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

చిప్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో స్నానానికీ షాక్ ట్రీట్‌మెంటుకూ నడుమ, ‘నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది’ అన్న మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగాను. రోజూ వింటున్న ఇంట్లోవాళ్లకు అలాంటి మాట అలవాటైపోతుంది. అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ జబ్బులో ఆ మాటను ఎన్నోసారి విన్నా మొదటిసారి విన్నట్టే వినాలి. ఈరోజే పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా, అందుకు ఏదైనా ఆలోచన చేసుకున్నావా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారు కదా అని తేలికపడేవాళ్లే ఎక్కువ. తోట ఉన్న ఇల్లు కాబట్టి పురుగుమందు డబ్బాలు ఉండే ఉంటాయి. వాటిని అటక మీద పెట్టి ఊరుకోవద్దు, ఇంట్లోంచే తీసేసి వేరేవారి దగ్గర తాళంలో ఉంచండి. మాత్రలు మీ మరదలి దగ్గరే ఉండాలి, అవీ వారానికి సరిపడా మాత్రమే. రాత్రివేళ గుబులు పుడితే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ‘అవును, ఆలోచించాను’ అన్నాడంటే మాత్రం అతణ్ని ఒంటరిగా వదలకుండా 108 పిలిచి అదే పూట ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ తర్వాతే ఈ ఉత్తరంలో మిగతాది చదవండి.

ఇక చిప్. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ తమ్ముడికి ఈ దశలో అది అక్కర్లేదు, దాని కోసం తోట అమ్మడం నాకు సమ్మతం కాదు. మీవారు డబ్బు చూసి వద్దంటున్నారో, భయపడి వద్దంటున్నారో తెలియదు కానీ ఈసారికి ఆయన మాటే సరి.

పేపర్లో వచ్చింది అబద్ధమేమీ కాదు. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు ఒక మహిళ మెదడులో పరికరం అమర్చారు. కుంగుబాటు సంకేతం కనిపించినప్పుడు మాత్రమే అది విద్యుత్తు ఇస్తుంది. ఆమె కోలుకుందని 2021లో వాళ్లు ప్రకటించగానే ప్రపంచమంతా పెద్ద వార్త అయింది. మీరు చదివింది అదో, దాని తర్వాతి వార్తల్లో ఒకటో అయి ఉంటుంది. అది ఒక్క మనిషి సంగతి. పైగా ఆమెది బైపోలార్ కాదు. ఈ రెండు ముక్కలూ శీర్షికలో పట్టవు, కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి.

అసలు ఏం చేస్తారో చెబితే మీరే బేరీజు వేసుకుంటారు. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, పొట్టిగా డీబీఎస్, గుండెకు పెట్టే పేస్‌మేకర్‌కు దగ్గరి చుట్టం. తలకు లోహపు చట్రం బిగిస్తారు. ఎంఆర్ఐ చిత్రాలు చూసి కొలతలు వేసుకుని, పుర్రెకు ఇరుపక్కలా చిన్న రంధ్రం చేసి, ఒకటిన్నర మిల్లీమీటరు మందం కూడా లేని తీగను మెదడు లోతుకు దింపుతారు. తీగ చివర నాలుగు లోహపు పట్టీలుంటాయి, విద్యుత్తు వెళ్లేది వాటి నుంచే. రెండో కొస చర్మం కిందుగా చెవి వెనక నుంచి మెడ మీదుగా దిగి, ఛాతీ పైభాగంలో చర్మం కింద అమర్చిన బ్యాటరీ పెట్టెలో కలుస్తుంది. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి తీగ దింపేటప్పుడు రోగిని మెలకువగా ఉంచి మాట్లాడించడమూ ఉంది. ఆ తర్వాత పెట్టె రాత్రింబవళ్లు, సెకనుకు సుమారు 130 సార్లు, సన్నగా విద్యుత్తు పంపుతూనే ఉంటుంది. డాక్టరు బయటి నుంచి ఒక యంత్రంతో మోతాదు హెచ్చించడం, తగ్గించడం చేస్తారు. ఆ సర్దుబాట్లు ఒక్క రోజులో తేలేవి కావు, నెలలు పడతాయి.

ఈ పద్ధతి మొదట వణుకుడు జబ్బుల కోసం పుట్టింది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే న్యూరోసర్జన్ మొదలుపెట్టారు. మన దేశంలో కూడా డీబీఎస్ అంటే ప్రధానంగా పార్కిన్సన్ రోగులకు చేసేదే. మీకు 12 లక్షలని చెప్పినవారు ఆ లెక్కే చెప్పి ఉంటారు. డిప్రెషన్ వైపు దీన్ని మళ్లించింది కెనడాలోని టొరంటోలో న్యూరాలజిస్టు హెలెన్ మేబర్గ్, న్యూరోసర్జన్ ఆండ్రెస్ లొజానో. మందులకూ మిగతా చికిత్సలకూ లొంగని ఆరుగురిని తీసుకుని, నుదుటి వెనక లోతున ఉండే 25వ ప్రాంతం అనే చోట తీగలు పెట్టారు. విషాదంలో ఆ చోటు అతిగా పని చేస్తుందని మేబర్గ్ అంతకుముందే గమనించారు. 2005లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తర్వాత ఆరుగురిలో నలుగురు బాగా మెరుగయ్యారు. ఆపరేషన్ బల్ల మీద ఉండగానే, స్విచ్ వేసిన కాసేపటికే, లోపలి వెలితి మాయమైందని, గదిలో రంగులు స్పష్టంగా కనిపిస్తున్నాయని కొందరు చెప్పారు. ఏళ్ల తరబడి మంచం దిగని మనిషి నోట అలాంటి మాట వింటే ఏ డాక్టరైనా కదిలిపోతాడు. నేనూ ఆ వ్యాసం చదివి అందరిలాగే ఆశపడ్డాను.

ఆశకు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. అమెరికాలో ఒక కంపెనీ ఇదే పద్ధతిని బ్రాడెన్ అనే పేరుతో 90 మంది మీద పరీక్షించింది. తీగలు అందరికీ పెట్టారు. 60 మందికి స్విచ్ వేశారు, 30 మందికి వేయలేదు. ఎవరిది వేశారో రోగికి తెలియదు, మెరుగుదలను కొలిచే డాక్టరుకూ తెలియదు. ఆరు నెలలకు చూస్తే స్విచ్ వేసిన 60 మందిలో 12 మంది, వేయని 30 మందిలో అయిదుగురు మెరుగయ్యారు. అంటే 20 శాతం, 17 శాతం. దాన్ని తేడా అనలేం. ఇంకా ఎక్కువ మందితో చేయాలనుకున్న అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2017లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఈ వివరాలన్నీ వచ్చాయి.

ఇక్కడితో కొట్టిపారేస్తే అదీ అన్యాయమే. అదే రోగులకు ఆ తర్వాత అందరికీ స్విచ్ వేసి గమనిస్తే, రెండేళ్లకు దాదాపు సగం మంది మెరుగయ్యారు. మేబర్గ్ బృందం కొందరిని ఎనిమిదేళ్ల వరకు గమనించి సగానికి మించి నిలకడగా బాగున్నారని చెప్పింది. ఇంత మొండి జబ్బు ఏళ్ల తరబడి దానంతటదే ఇలా తగ్గడం అరుదు. కాకపోతే ఆ రెండేళ్లకూ ఎనిమిదేళ్లకూ పోల్చి చూడడానికి స్విచ్ వేయని వాళ్లు లేరు. అందుకే ఇంకా అధ్యయనాలు నడుస్తున్నాయి, అందుకే డిప్రెషన్‌కు డీబీఎస్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇప్పటికీ సాధారణ చికిత్సగా ఆమోదించలేదు. పని చేస్తుందని నమ్మే వైద్యులున్నారు, నాకూ కొంత నమ్మకం ఉంది. నమ్మకం మీద ఒక అధ్యయనం నడపవచ్చు. ఒక కుటుంబం తోట అమ్ముకోవడానికి అది చాలదు.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా బైపోలార్ కాని డిప్రెషన్ గురించి. బైపోలార్ విషయంలో తెలిసింది ఇంకా తక్కువ. మేబర్గ్ బృందమే 2012లో 17 మంది వివరాలు ప్రచురించింది. వారిలో ఏడుగురు బైపోలార్ రోగులు, వాళ్లకూ మేలు కలిగింది. అయితే ఆ ఏడుగురిదీ టైప్ 2. అంటే ఉత్సాహం కొద్దిగా పొంగి తగ్గేదే తప్ప ఆసుపత్రిలో చేర్చాల్సిన ఉన్మాదం వచ్చినవాళ్లు కారు. మీ తమ్ముడు ఊరందరికీ స్థలాలు పంచబోయిన మనిషి, అతనిది టైప్ 1. మెదడులో వేరే చోట్ల తీగలు పెట్టిన ప్రయోగాల్లో మోతాదు పెంచినప్పుడు కొందరు ఉన్మాదం వైపు జారిన సందర్భాలున్నాయి. ఆ జారుడు మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. కానీ సోంపేటలో ఉన్నవాడికి మోతాదు తగ్గించే మనిషి ఎక్కడున్నాడు? రైలెక్కి బెంగళూరో హైదరాబాదో చేరేలోపు అతను మళ్లీ అప్పులు చేసి ఉంటాడు.

ఆపరేషన్ ప్రమాదాలు సరే. నూటికి ఒకరిద్దరిలో మెదడులో రక్తస్రావం జరగవచ్చు, అంతకంటే కాస్త ఎక్కువమందికి చీము పడుతుంది, కొన్నిసార్లు తీగ తెగుతుంది, లేదా చోటు తప్పుతుంది. ఇవి సంతకం పెట్టించుకునే ముందు ఎలాగూ చెబుతారు. చెప్పనిది ఆ తర్వాతి బతుకు. మామూలు బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లలో అయిపోతుంది, మళ్లీ కోత, మళ్లీ ఖర్చు. ఛార్జింగ్ చేసుకునేది ఇంకా ఎక్కువకాలం వస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ, క్రమం తప్పకుండా ఛార్జింగ్ పెట్టుకోవాలి. స్నానానికే లేవలేని రోజుల్లో అది ఎవరు చేస్తారు? పైన చెప్పిన 17 మందిలో పరికరం ఆపి చూసినప్పుడు జబ్బు తిరగబెట్టి, ఆ భాగం ప్రయోగాన్నే వదిలేయాల్సి వచ్చింది. మందులు మానే వీలూ ఉండదు, పరికరం పెట్టించుకున్నవాళ్లలో ఎక్కువమంది మాత్రలు వాడుతూనే ఉన్నారు. వీటన్నిటికీ తోట ఒక్కసారే అమ్మగలరు.

మెడలో పెట్టేది ఇంకొకటి ఉంది, దాని గురించీ ఎవరో ఒకరు మీకు చెబుతారు కాబట్టి నేనే చెబుతున్నాను. మెడ ఎడమవైపు వేగస్ నాడికి తీగ చుట్టి ఛాతీలో బ్యాటరీ పెడతారు. మెదడు జోలికి పోరు. మూర్ఛ రోగులకు ఎప్పటి నుంచో చేస్తున్నదే. కనీసం నాలుగు చికిత్సలకు లొంగని డిప్రెషన్‌కు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది, బైపోలార్ డిప్రెషన్ కూడా అందులో ఉంది. పని చేస్తే నెమ్మదిగా చేస్తుంది, ఏడాది పట్టవచ్చు. గొంతు బొంగురుపోవడం, దగ్గు సాధారణం. బైపోలార్ కాని రోగులు దాదాపు 500 మంది మీద ఈమధ్య జరిగిన పెద్ద పరీక్షలో, స్విచ్ వేసినవాళ్లూ వేయనివాళ్లూ ప్రధాన కొలతలో ఇంచుమించు ఒకేలా మెరుగయ్యారు. మీ తమ్ముడి విషయంలో దీని గురించి ఇంతకు మించి తలపోయనక్కర్లేదు.

ఇక మీరు పంపిన నకళ్లు. నేను ఎక్కువసేపు కూర్చున్నది వీటితోనే. ‘ఎన్ని మందులు మార్చినా పని చేయలేదు’ అని మీరు రాశారు. చీటీలు అలా చెప్పడం లేదమ్మా.

ముందు లిథియం ఆపిన సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కారణమేమిటో ఇంకా తేలలేదు. లిథియం ఏళ్ల తరబడి వాడితే కొందరికి కిడ్నీ పనితీరు తగ్గుతుంది, ఉద్దానంలో లిథియం పేరు వినని వాళ్లకూ తగ్గుతుంది. మీ తమ్ముడిది ఏ లెక్కలోకి వస్తుందో ఎవరైనా తేల్చారా? నకళ్లలో క్రియాటినిన్ పరీక్ష ఒక్కటే ఉంది, అదీ మే నెలది. అదే వారం నడుంనొప్పికి డైక్లోఫెనాక్ రాసిన చీటీ కూడా ఉంది. ఎండకు చెమట పట్టి నీరూ ఉప్పూ తగ్గినప్పుడు కిడ్నీలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. డైక్లోఫెనాక్ రకం నొప్పి మందులు అదే పని చేస్తాయి, పైగా అవే క్రియాటినిన్‌ను పెంచగలవు. ఆ అంకె నిజంగా కిడ్నీ చెడిందనో, ఆ వారం అలా నడిచిందనో చెప్పాలంటే పరీక్ష మళ్లీ చేయాలి. నాలుగేళ్లలో చేసినట్టు లేదు. మాత్ర ఆపిన డాక్టరును తప్పుపట్టలేను, మీ ప్రాంతంలో ఆ అంకె చూస్తే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కానీ లిథియం ఒక్కసారిగా ఆపితే బైపోలార్ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందన్నది బాగా తెలిసిన సంగతే. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గిస్తుందన్న ఆధారాలు బలంగా ఉన్న మందు కూడా అదే. కాబట్టి పలాసలో 2023లో వచ్చిన కిడ్నీ ఆసుపత్రిలో చూపించి, ఇప్పటి పరిస్థితి ఏమిటో రాయించుకోండి. ఆ కాగితం పట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్తే, తక్కువ మోతాదులో మళ్లీ వీలవుతుందా, అసలు కుదరదా అన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేలుస్తారు. ఇంట్లో మిగిలి ఉన్న పాత మాత్రలు మీరై మీరు మాత్రం ఇవ్వకండి.

ఆపిన తర్వాతి చీటీల్లో ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. మామూలు డిప్రెషన్‌కు మంచి మందులే. టైప్ 1 బైపోలార్‌కు, ఉన్మాదాన్ని అదుపులో పెట్టే మందు తోడు లేకుండా, ఒంటరిగా ఇవ్వకూడనివి. రెండు చోట్ల తోడు మందు లేదు. క్వెటియాపిన్ ఉంది. బైపోలార్ డిప్రెషన్‌కు దాని పరీక్షలు జరిగింది 300 మిల్లీగ్రాముల దగ్గర. మీ తమ్ముడికి 50 దగ్గర మొదలై, మగతగా ఉందని పదో రోజునే ఆగింది. బైపోలార్ డిప్రెషన్‌కు వాడే లురాసిడోన్ రాత్రిపూట వేసుకోమని రాశారు. ఆ మాత్ర కడుపునిండా తిన్న తర్వాత వేసుకుంటేనే ఒంటికి పడుతుంది, ఖాళీ కడుపున వేసుకుంటే సగం వృథా. అతను రాత్రి అన్నం ముట్టడని రాసింది మీరే. బైపోలార్‌కు వాడే ఇంకో మందు లామోట్రిజిన్ ఎక్కడా లేదు. అది 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచాల్సిన మందు. తొందరపడితే ప్రమాదకరమైన దద్దుర్లు వస్తాయి కాబట్టి చాలామంది దాని జోలికి పోరు. ఎనిమిదేళ్లు లిథియం వాడిన మనిషికి థైరాయిడ్ మందగించడం మామూలే, మందగిస్తే అచ్చం ఇలాగే మంచం పడతాడు. థైరాయిడ్‌కు చేసే టీఎస్‌హెచ్ పరీక్ష రిపోర్టు కూడా నాకు కనిపించలేదు.

ఈ చీటీలు చూసి ఇది మందులకు లొంగని డిప్రెషన్ అని నేను సంతకం చేయను. డీబీఎస్ చేసే ఏ మంచి కేంద్రమూ చేయదు. వాళ్లు మొదట అడిగేది ఇవే కాగితాలు, రెండోది ఈసీటీ ఇచ్చారా అని.

మీరు వద్దన్న షాక్ ట్రీట్‌మెంటు ఆ ఈసీటీనే. మీ భయం మన సినిమాలు పెట్టింది. మనిషిని మంచానికి కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, శిక్షగా ఇస్తున్నట్టు దశాబ్దాలుగా చూపిస్తున్నారు. ఇప్పుడు మత్తు ఇస్తారు, కండరాలు సడలే మందు ఇస్తారు, ఆ తర్వాతే కొన్ని సెకన్ల విద్యుత్తు. మత్తుమందు డాక్టరు పక్కనే ఉంటారు. రోగికి ఏమీ తెలియదు, గంటా రెండు గంటల్లో లేచి కాఫీ తాగుతాడు. మత్తు లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. వారానికి రెండు మూడు చొప్పున మొత్తం ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. నార్వేలో మందులకు లొంగని బైపోలార్ డిప్రెషన్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈసీటీ, రెండో జట్టుకు పద్ధతి ప్రకారం మందులు ఇచ్చి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఈసీటీ జట్టులో దాదాపు 74 శాతం, మందుల జట్టులో 35 శాతం మెరుగయ్యారు. పూర్తిగా కోలుకున్నవాళ్ల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా లేదు, ఆ మాట దాచను. జ్ఞాపకశక్తి సంగతి కూడా దాచను. చికిత్స జరిగే వారాల జ్ఞాపకాలు మసకబారతాయి, కొందరికి అంతకు ముందరివి కొన్ని తిరిగి రావు. లెక్కలు రాసుకుని బతికే మనిషికి అది చిన్న విషయం కాదు, డాక్టరును గట్టిగా అడగాల్సిందే. అయినా చావు మాట నోటికి వచ్చినప్పుడు, అన్నం మానేసినప్పుడు, త్వరగా పని చేసే చికిత్సల్లో ఇది ముందుంటుంది. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్‌కో ఈ నకళ్లన్నీ తీసుకుని వెళ్లి, మీరు వద్దన్న ఆ చర్చను మళ్లీ మొదలుపెట్టించండి. విజయనగరం మీకు వీలైతే నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రిలోనూ చూపించవచ్చు. ఆరోగ్య బీమా ఉంటే, మానసిక జబ్బుకు వర్తించదని ఏజెంటు అన్నా వినకండి. శరీర జబ్బులతో సమానంగా వర్తింపజేయాలని అదే చట్టం చెప్పింది.

అరసవల్లి మొక్కు తీర్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వేకువనే లేచి స్నానం చేసి బయలుదేరేలా అతణ్ని కదిలించగలిగితే ఈ జబ్బుకు అదీ మంచిదే. ఆ రోజు మాత్ర మానకుండా చూడండి, అంతే.

మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీవారి మాట ఉంది, చిప్ ధర చెప్పినవారి మాట ఉంది. తమ్ముడిది ఆ ఒక్క భయంకరమైన వాక్యం తప్ప ఏమీ లేదు. మరదలి ఊసే లేదు. తల తెరిపించుకోవాల్సింది అతను. అడిగారా? మెదడు శస్త్రచికిత్సతో మానసిక రోగానికి వైద్యం చేయాలంటే రోగి తనంతట తాను అర్థం చేసుకుని ఒప్పుకోవాలి, దానిపైన మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు అనుమతి ఉండాలి అని పైన చెప్పిన 2017 చట్టంలో 96వ సెక్షన్ చెబుతోంది. అక్క సంతకం, భార్య సంతకం చెల్లవు. ‘నేను బరువు’ అనుకుంటున్న మనిషికి, తన కోసం తోట అమ్ముతున్నారని తెలిస్తే ఆ బరువు ఎంత పెరుగుతుందో ఆలోచించండి. చిప్ పెట్టించాక ఫలితం రాకపోతే ఇంకెంత? ఇది మీ మనసు నొప్పించడానికి రాయడం లేదు. తమ్ముడి కోసం కాపుకొచ్చిన తోట అమ్మడానికి సిద్ధపడే అక్కలు ఎంతమంది ఉంటారు? ఆ పట్టుదలను ముందు కిడ్నీ రిపోర్టు మీద, టీఎస్‌హెచ్ మీద, రాత్రి భోజనం మీద పెట్టమంటున్నాను.

కొంచెం తేరుకున్నాక అతని చేతే ఒక కాగితం రాయించండి. మళ్లీ ఇంతలా కుంగితే ఈసీటీ ఇవ్వవచ్చా, ఏ మందు తనకు పడదు, ఎవరి మాట మీద ఆసుపత్రిలో చేర్చాలి, ఇవన్నీ ముందే రాసి నమోదు చేయించుకునే హక్కు చట్టం ఇచ్చింది. తన తరఫున మాట్లాడే మనిషిగా ఎవరిని పెట్టుకోవాలన్నదీ అతని ఇష్టమే. మిమ్మల్ని కాకుండా భార్యను ఎంచుకుంటే నొచ్చుకోకండి.

ఇదంతా సక్రమంగా జరిగి, మందులు సరైన మోతాదులో సరిపడినంత కాలం వాడి, ఈసీటీ కూడా ఇచ్చి, అప్పటికీ మంచం దిగకపోతే? అప్పుడు చిప్ మాట ఎత్తడం తప్పు కాదు, నేనే ఎత్తుతాను. అప్పుడు కూడా డబ్బు కట్టి చేయించుకునే ఆపరేషన్‌గా వద్దు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోటికి వెళ్లి, టైప్ 1 బైపోలార్‌ను చేర్చుకునే అధ్యయనం ఏదైనా నడుస్తోందా అని అడగండి. అధ్యయనంలో చేరితే పరికరానికి మీరు డబ్బు కట్టాల్సిన పని ఉండకూడదు, కట్టమంటే లేచి వచ్చేయండి. ఉన్మాదం మొదలైతే ఏ నంబరుకు ఫోను చేయాలి, మోతాదు సర్దడానికి ఎన్నాళ్లకోసారి రావాలి, ఆ దారి ఖర్చులు ఎవరివి అని అడగండి. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీలో పెట్టే డయాథెర్మీ అనే వేడి చికిత్స ఈ పరికరం ఉన్నవాళ్లకు ప్రాణాంతకం. ఆ సంగతి రాసిన కార్డు తెలుగులో ఇమ్మనండి, మీ వైపు ఆసుపత్రుల్లో చూపించడానికి పనికొస్తుంది. అధ్యయనం ముగిసి కంపెనీ చేతులు దులుపుకున్నాక బ్యాటరీ ఎవరు మారుస్తారో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వకపోతే మీ తమ్ముణ్ని సంతకం చేయనివ్వకండి.